వీపు మీది కుట్టు

ఆ స్వారీ బడిలో ఆమెను అందరూ కొలతలమ్మ అనేవారు. ఏ గుర్రాన్నయినా ఒక్కసారి తేరిపార చూసి, రొమ్ము నుంచి తోక మొదలు దాకా ఎన్ని అంగుళాలో చెప్పేసేది. పందెం కాసినవాళ్ళు టేపు పట్టుకుని వెళ్ళి, తల గోక్కుంటూ తిరిగొచ్చేవారు. "మనుషుల్ని కూడా ఇలాగే కొలుస్తావా?" అని ఎవరైనా పరాచికమాడితే, "మనుషులకి టేపు దేనికి, నాలుగు మాటలాడితే ఎంత పొట్టివాళ్ళో వాళ్ళే చెప్పేస్తారు" అనేది. ఆ నోటికి భయపడేవాళ్ళు కొందరు, ముచ్చటపడేవాళ్ళు కొందరు. మొత్తం మీద ఆమెను కదిపేవాళ్ళు తక్కువ.

తండ్రి గుడారాలు కుట్టేవాడు. పలక పట్టాల్సిన వయసులో ఆమె మైనం పూసిన దారమూ దబ్బనమూ పట్టింది. గుర్రాలు చూసుకునే మనిషిని పెళ్ళాడి ఈ బడికి వచ్చింది. పెళ్ళయిన పదకొండో ఏట అతను జ్వరంతో పోయాడు. బడి పెట్టిన పెద్దాయన ఆమెను పొమ్మనలేదు. సామాన్ల గదిలో ఒక కుట్టుమిషను వేయించి, "జీనులూ దుప్పట్లూ వాన షీట్లూ ఇక నీ పూచీ" అన్నాడు. మరిది అప్పటికే అక్కడ గుర్రాల కాపరి. బడి వెనక వరసగా ఉన్న గదుల్లో ఒకదానిలో ఆమె, పక్కదానిలో మరిదీ తోడికోడలూ ఉండేవారు. మధ్య గోడ ఒకటే. మరిది ఎంత మెత్తని మనిషంటే, ఎదుటివాడు తుమ్మినా తనవల్లేనేమో అనుకునే రకం.

బడిలో గుర్రాలు పద్నాలుగు, వాటిని కట్టే కొట్లు తొమ్మిది. మిగిలిన అయిదూ వానలోనూ చలిలోనూ కంచె లోపలి పచ్చికలోనే నిలబడాలి. కాబట్టి వానాకాలానికి ముందు వాటి ఒంటి మీద కప్పే షీట్లు ఎంచడమంటే చిన్న సంగతి కాదు. కొలతలమ్మ అంగడికి వెళితే దుకాణాలవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకునేవారు. షీటు మడతలో లోటాడు నీళ్ళు పోసి, దుకాణంవాడి చేతే పట్టించి, తను తాపీగా టీ తాగేది. టీ అయ్యేసరికి కింద చుక్క పడితే ఆ సరుకు వైపు మళ్ళీ చూడదు. చుక్క పడకపోతే అదే గుడ్డను మూతికి అడ్డం పెట్టుకుని ఊదేది. ఊపిరి అవతలికి కొంచెమైనా పోవాలి.

"నీళ్ళు రాకపోతే చాలదా?" అని ఒక దుకాణదారు విసుక్కుంటే, "నిన్ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కడతాను, వానలో నిలబడు. పైన తడవవు, నీ చెమటలో నువ్వు ఉడుకుతావు. సరేనా?" అంది.

మూపు దగ్గర నాలుగు వేళ్ళు దూరాలి. తోక మొదలు కప్పి ఇంకో జానెడు దిగాలి. వయసు మళ్ళి బొచ్చు పలచబడ్డ గుర్రానికి షీటు కింద ఉన్ని దుప్పటి వెయ్యాలి. కుర్రగుర్రానికి వేస్తే ఒళ్ళు కాగి రోగమొస్తుంది. ఇవన్నీ ఒక ఎత్తు, తండ్రి చెప్పిన మాట ఒక ఎత్తు. వీపు మీద నిలువునా కుట్టు ఉన్న షీటు కొనకు, నీళ్ళు ఎప్పుడూ సూది వెళ్ళిన దారినే వెతుక్కుంటాయి అనేవాడు ఆయన. తప్పక కొనాల్సివస్తే, లోపలి నుంచి మైనం కాచి కుట్టు పొడుగునా పూయాలి. షీటుకి గంట పని.

ఒక ఏడాది షీట్లమ్మే ఏజెంటు ఒకడు బడికే వచ్చి, తన సరుకు సముద్రంలో ముంచినా తడవదని గొప్పలు పోయాడు. కొలతలమ్మ నలుగురిలో అతని షీటులోనే నీళ్ళు పోసి అతని చేతికే ఇచ్చి, మాటల్లో పెట్టింది. నీళ్ళు అతని బూట్ల మీద కారాయి. "సముద్రం దాకా ఎందుకు నాయనా, లోటాలోనే మునిగావు" అంది. పిల్లల్ని స్వారీకి తెచ్చిన తల్లిదండ్రులు కూడా నవ్వారు. అతనూ నవ్వినట్టే ముఖం పెట్టి, సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆమెకు యాభై నాలుగేళ్ళప్పుడు పెద్దాయన పోయాడు. ఆయన కూతురు బడి చేతికి తీసుకుంది. ఆవిణ్ణి అందరూ మేడమ్ అనాలి. వచ్చిన నెలలోనే కొట్లలో సగం బయటివాళ్ళ గుర్రాలకు అద్దెకిచ్చింది. అలా బయటికి వచ్చినవాటిలో తెల్లది ఒకటి. ఇరవై నాలుగేళ్ళ ఆడగుర్రం. ఊళ్ళో సగం మంది పిల్లలు మొదట దాని మీదే ఎక్కి స్వారీ నేర్చుకున్నారు. దాని కళ్ళెం పట్టి నడిపించింది మరిది. కొట్లోంచి బయటికి తెచ్చిన రోజు అతను మేడమ్ దగ్గరికి వెళ్ళి, "అది ముసలిదండీ, చలికి ఆగదు" అన్నాడు.

"అందుకేగా షీట్లు కొంటున్నాం" అందావిడ.

షీట్లు తెచ్చింది మళ్ళీ ఆ ఏజెంటే. ఒక సెలవు రోజు ఉదయం, గుర్రాల్ని కడిగే సిమెంటు గచ్చు మీద తన సరుకు పరిచాడు. నీలం రంగు, తళతళ మెరుపు. మేడమ్ కి రంగు నచ్చింది. కొలతలమ్మ వంగి చూసింది. వీపు మీద మెడ నుంచి తోక దాకా నిలువునా కుట్టు.

"ఇది పనికిరాదండీ" అంది.

"చూడకుండానే?" అంది మేడమ్.

"చూశాకే అంటున్నానండీ."

ఏజెంటు వినయంగా అందుకున్నాడు. "పరీక్ష చేద్దాం మేడమ్. పైపుతో నీళ్ళు కొడదాం. అయితే గుర్రాలు పైపుకి బెదురుతాయి. గుర్రాల సంగతి గుర్రాలకన్నా కొలతలమ్మగారికే ఎక్కువ తెలుసంటారుగా. ఆవిడ మీదే కప్పి చూద్దాం."

బెంచీల మీద కూర్చున్న తల్లిదండ్రుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ కూడా నవ్వి, "బాగుంది. ఏం కొలతలమ్మా, పరీక్షలంటే నీకిష్టమేగా?" అంది.

హాస్యమేనేమో అనుకుని కొలతలమ్మ నిలబడింది. ఎవరూ వద్దనలేదు. మేడమ్ చేతి గడియారం చూసుకుంది. "కానియ్యి, క్లాసు టైమవుతోంది" అంది.

యాభై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళు అరిగిపోయిన మనిషి, గచ్చు మీద చేతులూ మోకాళ్ళూ ఆనించి గుర్రమయింది. షీటు కప్పమని మేడమ్ మరిదికి చెప్పింది. అతను వచ్చి కప్పాడు. రొమ్ము దగ్గర కట్టు బిగించాడు. పైపు తిప్పారు. నీళ్ళు వీపు మీద దబదబ పడుతున్నాయి. ఎవరో గుర్రంలా సకిలించారు. "గడ్డి పెట్టండయ్యా పాపం" అన్నారింకెవరో. నవ్వులు. షీటు అంచు కిందినుంచి కొలతలమ్మకు మరిది ముఖం కనిపించింది. అతని పెదవులూ నవ్వుతున్నాయి. అది నవ్వు కాదు, అందరూ నవ్వుతున్నచోట ఏం చెయ్యాలో తెలియని మెత్తనివాడి ముఖం అలాగే ఉంటుంది. కానీ ఆ పూట అంత తీరిగ్గా కొలిచి చూసే ఓపిక ఆమెకు లేదు.

పైపు ఆపాక షీటు తీశారు. ఆమె రెండుసార్లు ప్రయత్నించి లేచింది. వెన్నెముక పొడుగునా చల్లగా ఉంది. నీళ్ళు దిగాయి. ఎక్కడ దిగుతాయని ఆమె అనుకుందో అక్కడే దిగాయి.

"తడిసిందా?" అంది మేడమ్.

ఆమె నోరు తెరిచేలోగా ఏజెంటు సంచి జిప్పు మీద చెయ్యి వేశాడు. "ఇది కాకపోయినా ఇంకో మూడు రకాలున్నాయి మేడమ్. వరసగా అన్నీ చూసేద్దాం."

కొలతలమ్మ ఆ సంచి వైపు చూసింది. బెంచీల వైపు చూసింది.

"తడవలేదండీ" అంది.

బయట నిలబడే గుర్రాలన్నిటికీ నీలం షీట్లు వచ్చాయి.

ఆ సాయంత్రం మరిది సామాన్ల గది గుమ్మంలోకి వచ్చి నీళ్ళు నమిలాడు. "వదినా, షీటు నిజంగా మంచిదేనా?"

"నువ్వే కప్పావుగా, నవ్వుకుంటూ. నీకు తెలీదూ?"

"నేను నవ్వానా?" అని అతను తెల్లబోయాడు. "నవ్వుంటే నా బుద్ధి గడ్డి తిన్నట్టే వదినా. నాకు తెలిసి నవ్వలేదు."

ఆమె దారం కొస నాలిక మీద తడిపి సూదిలోకి ఎక్కించింది. "తడవదు, పో" అంది.

ఆ ఒక్క మాట అతనికి చాలు. వదిన తడవదంటే తడవదంతే.

నాలుగు రోజులకు వాన పట్టింది. తెరిపి లేకుండా తొమ్మిది రోజులు. తెల్లది ముసలిది కాబట్టి మరిది దానికి షీటు కింద ఉన్ని దుప్పటి వేశాడు. పొద్దునా సాయంత్రం వెళ్ళి రొమ్ము దగ్గరా డొక్కల దగ్గరా చెయ్యి పెట్టి చూసేవాడు. పొడిగా ఉండేది. వీపు మీదికి చెయ్యి పోనిచ్చేవాడు కాదు. అక్కడ అనుమానమే లేదాయె. సామాన్ల గది కిటికీ లోంచి కొలతలమ్మ చూసేది. కుట్టులోంచి దిగిన నీళ్ళు ఎటు పోతాయో ఆమెకు తెలుసు. ఉన్ని తాగుతుంది. తాగిన నీళ్ళను వెన్నుకి పట్టు వేసినట్టు పట్టి ఉంచుతుంది. పైకి గుర్రం పొడిగా కనిపిస్తుంది.

మూడో రోజు ఆమె మనసు ఆగలేదు. మైనం గిన్నె దించి, స్టవ్ వెలిగించబోయింది. అదే సమయానికి మేడమ్ ఎవరో కొత్తవాళ్ళకు బడి చూపిస్తూ వరండాలో వచ్చింది. "ఆ నీలం షీట్లు చూశారా? మా కొలతలమ్మ వీపు మీద పరీక్ష చేసినవి" అంది. వాళ్ళు ఆమె ముఖంలోకి కాకుండా వీపు వైపు చూసి నవ్వారు.

కొలతలమ్మ స్టవ్ వెలిగించలేదు. గిన్నె ఎత్తి అలమరలో పెట్టేసింది. ఒక గుర్రానికి పొక్కులు లేస్తే, ఇంకోటి నాలుగు రోజులు దగ్గితే, అప్పుడు తెలిసొస్తుంది ఈవిడకి అనుకుంది. చావు దాకా ఆమె ఆలోచించలేదు. అత్తమీది కోపం దుత్తమీద తీర్చుకునేవాళ్ళెవరూ దుత్త పగులుతుందని ముందు అనుకోరు.

ఏడో రోజు మరిది వచ్చాడు. ఒంటి మీద గోనెపట్టా కప్పుకుని, వాన ఓడుతూ గుమ్మంలో నిలబడ్డాడు. "తెల్లది మేత ముట్టడం లేదు వదినా. ఒక్కసారి వచ్చి చూస్తావా?"

"ముసలిది. పళ్ళరిగాయి. మేత నానబెట్టి పెట్టు."

"పెట్టాను. మూతి కూడా ఆనించలేదు."

"రేపు చూస్తాలే" అంది. ఆ రేపు వెళ్ళలేదు.

తొమ్మిదో రోజు ఉదయం అతను అరిచిన అరుపు సామాన్ల గది దాకా వినిపించింది. ఆమె వెళ్ళేసరికి షీటూ దుప్పటీ తీసి బురదలో పడేసి ఉన్నాడు. ఉన్ని పిండితే నీళ్ళు కారేలా ఉంది. వీపు పొడుగునా బొచ్చు పాచి పట్టినట్టు ముద్దలు కట్టి, అతని చెయ్యి తగిలినచోటల్లా చర్మంతో సహా ఊడి వస్తోంది. కింద ఎర్రటి పచ్చి పుండు. తెల్లది నాలుగు కాళ్ళూ వణికించుకుంటూ నిలబడి ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా లోపల బుడబుడమని చప్పుడు.

"రొమ్ము పొడిగానే ఉంది వదినా. డొక్కలూ పొడిగానే ఉన్నాయి" అంటున్నాడు అతను. అదే మాట మళ్ళీ మళ్ళీ.

అతను పరుగెత్తి మేడమ్ దగ్గరికి వెళ్ళాడు. ఒక్క రోజుకి ఒక్క కొట్టు ఖాళీ చేయించమని అడిగాడు. "అద్దె గుర్రాల మధ్యకి తెచ్చి రోగం అంటిస్తావా?" అందావిడ. డాక్టరుకి మాత్రం ఫోను చేసింది.

డాక్టరు వచ్చేలోపే తెల్లది పడిపోయింది. కొలతలమ్మ దగ్గరికి వెళితే తల ఎత్తింది. ఆమె వచ్చిందంటే కొలతలకేనని, కదలకుండా నిటారుగా నిలబడాలని దానికి ఇరవై ఏళ్ళ అలవాటు. ముందుకాళ్ళు బురదలో ఊనుకుని లేవబోయింది. లేవలేకపోయింది. మళ్ళీ ఊనుకుంది. "ఉండు, ఉండవే" అని మరిది దాని మెడ మీద పడి ఆపాడు.

ఊపిరితిత్తులు నిండిపోయాయన్నాడు డాక్టరు. నాలుగు గంటలకి దాని బాధ ముగిసే సూది వేశాడు. వాన అప్పటికి వెలిసింది.

మర్నాడు మేడమ్ ఇద్దరినీ ఆఫీసు గదిలోకి పిలిచింది. బల్ల మీద నీలం షీటు మడతపెట్టి ఉంది.

"కొన్నాక నెల కాలేదు. పరీక్ష చేసి కొన్నాం. అయినా గుర్రం తడిసి చచ్చింది. ఎలా?" అంది మరిదితో.

"తెలీదండీ."

"పొట్టకింద పట్టీలు వదులుగా ఉంటే షీటు పక్కకి జారుతుంది. జారితే నీళ్ళు దిగుతాయి. అంతేనా కొలతలమ్మా?"

తేలు కుట్టిన దొంగకి కేక వేసే వీలుండదు. కొలతలమ్మ బల్ల వైపు చూస్తూ, "జారితే దిగుతాయండీ" అంది. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే అది నోట్లోంచి అంత సులువుగా వచ్చింది.

మరిది తల ఊపాడు. "పట్టీలు బిగించింది నేనే. నాదే అయ్యుంటుంది" అన్నాడు. ఎవరూ ఇంకేమీ అడగకముందే అన్నాడు.

వారంలోగా గది ఖాళీ చెయ్యమన్నారు. పంతొమ్మిదేళ్ళ కాపురం తోడికోడలు రెండు ట్రంకు పెట్టెల్లో సర్దింది. సర్దుతున్నంతసేపూ గోడకి ఇటువైపు కొలతలమ్మకు గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. బండి ఎక్కేముందు తోడికోడలు వచ్చి, "ఈయనకి నువ్వైనా నచ్చజెప్పక్కా. నా చేతులతో చంపానంటున్నాడు, అన్నం ముట్టడం లేదు" అంది. కొలతలమ్మ ట్రంకుకి తాడు కట్టిపెట్టింది. ముడి గట్టిగా వేసింది.

వాళ్ళు వెళ్ళిన రెండో రోజు మేడమ్ సామాన్ల గదికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ ఆ గడప తొక్కలేదు. కుర్చీ లేదు కాబట్టి నిలబడే మాట్లాడింది.

"ఆ రోజు నువ్వు లేచినప్పుడు నీ చొక్కా వెనక చూశాను. స్కేలు పెట్టి గీసినట్టు తడి గీత."

కొలతలమ్మ మిషను మీద చెయ్యి అలాగే ఉంచింది. "మరెందుకు కొన్నారండీ?"

"నువ్వు తడవలేదన్నావుగా. ఏదైనా అయితే మాట నీది. నాకేం?" ఆవిడ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. బజారు చీటీ చదివినట్టుంది. "నువ్వెప్పుడు నోరు విప్పుతావా అని నేనూ చూశాను. విప్పలేదు. మీ మరిది ముందు కూడా విప్పలేదు. నీలాంటి మనిషి దగ్గరుంటే మంచిదే. వచ్చే ఏడాది నుంచి షీట్లు నీ ఇష్టం. నేను అడ్డురాను."

"నేనూ మానేస్తానండీ" అనాలని ఆమె నోటి దాకా వచ్చింది. మానేస్తే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. "మంచిదండీ" అంది.

ఆ మధ్యాహ్నం మిగిలిన షీట్లన్నీ గదిలోకి తెప్పించుకుని, మైనం కాచి, ఒక్కొక్క కుట్టుకీ రెండు పూతలు పూసింది. మరుసటి ఏడాది అంగడికి వెళ్ళి వీపు మీద కుట్టు లేనివి తెచ్చింది. ఆ తర్వాత ఆ బడిలో ఏ గుర్రమూ వానకి జబ్బు పడలేదు. మేడమ్ వచ్చినవాళ్ళందరికీ ఆ సంగతి గర్వంగా చెప్పేది. కొలతలమ్మ కింద పనికి కుదిరినవాళ్ళు మాత్రం ఏడాది తిరక్కుండా పారిపోయేవారు. కుట్టు వంకరపోతే గుడ్డ ముఖాన విసిరేది. ఒకామెను నలుగురి ముందు ఏడిపించి, ఏడుస్తుంటే చూస్తూ నిలబడిందట. పాత పరాచికాలు ఇప్పుడు ఎవరూ ఆడేవారు కాదు.

మరిది ఊరికి అవతలి చివర లారీల డిపోలో కుదిరాడు. సరుకు మీద టార్పాలిన్లు కట్టే పని. టైర్ల దుకాణం పైన ఒక గది. నెలకోసారి సెలవు రోజున కొలతలమ్మ వెళ్ళేది. వెళ్ళేటప్పుడల్లా ఇవాళ చెప్పేయాలనుకునేది. తోడికోడలు ఎదురొచ్చి చేతిలో సంచి అందుకునేది, భోజనం పెట్టేది. మరిది గుర్రాల గురించి ఒక్కొక్కదాన్నీ అడిగేవాడు. అన్నీ అడిగాక ప్రతిసారీ అక్కడికే వచ్చేవాడు.

"వదినా, పొట్టకింద పట్టీలు రెండు కదా. ఏది వదులైందంటావు?"

"పోయినదాని గురించి ఎందుకయ్యా" అని ఆమె తప్పించుకునేది.

మూడేళ్ళు ఇదే వరస. మూడో ఏడు వానలు మొదలైన నెలలో వెళ్ళేసరికి అతను బాగా చిక్కిపోయి ఉన్నాడు. పళ్ళెం ముందు కూర్చుని, గాలిలో పట్టీ బిగిస్తున్నట్టు వేళ్ళు ఆడిస్తున్నాడు.

"చూశావా అక్కా" అంది తోడికోడలు. "ముద్ద నోట్లో పెట్టకుండా ఇదే పని. నిద్రలోనూ ఇంతే. డిపోలో కట్టిన టార్పాలినే విప్పి మళ్ళీ కడుతున్నాడట. పిచ్చోడని నవ్వుతున్నారు."

కొలతలమ్మ చాప మీద కూర్చుంది. ఈసారి తప్పదు అనుకుంది. గొంతు సవరించుకుంది. "ఇదిగో అబ్బాయ్, ఆ షీటు సంగతి" అని మొదలుపెట్టింది.

అతను చప్పున తలెత్తాడు. "నీకు తెలుసు కదూ? నాకు తెలుసు వదినా, నీకు తెలుసని. నేను బాధపడతానని చెప్పడం లేదు నువ్వు. నువ్వు ఆ రోజు బురదలో పడున్న షీటు చూశావు. నీ కన్ను తప్పదు. ఏ పట్టీయో చెప్పెయ్. ఏమీ అనుకోను. తెలిస్తే చాలు నాకు."

అతను ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. తోడికోడలు గరిటె పట్టుకుని ఆగిపోయింది.

"వెనకది" అంది కొలతలమ్మ. "ఎడమవైపు."

అతను కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. "అదే. నేనూ అదే అనుకున్నాను. ఆ వారం నా ఎడమ బొటనవేలికి దెబ్బ తగిలి ఉంది, గుర్తుందా? బిగిసి ఉండదు. బొటనవేలు లేకపోతే ఆ కట్టు బిగవదు." భార్య వైపు తిరిగాడు. "విన్నావా? ఎడమది. వదిన చూసిందట."

"విన్నాను. ఇక తిను" అంది ఆమె.

అతను తిన్నాడు. మళ్ళీ వడ్డించుకుని తిన్నాడు. కొలతలమ్మకూ పళ్ళెం పెట్టారు. ఆమె తిని, చెయ్యి కడుక్కుని, వచ్చే నెల వస్తానని చెప్పి, టైర్ల దుకాణం మెట్లు దిగి బస్సు కోసం నిలబడింది.

ఆ తర్వాత అతను ఆమెను మళ్ళీ అడగలేదు. డిపోలో కొత్తగా పనికి చేరినవాళ్ళకు మాత్రం మొదటి రోజే చెప్పేవాడట, తన చేతులారా ఒక గుర్రాన్ని ఎలా చంపుకున్నాడో, ఎడమవైపు కట్టు దగ్గర ఎంత జాగ్రత్తగా ఉండాలో.